పది ఆటల పండితులు

"పది ఆటలు ఆడించాం సార్. ఏడు మా కొత్తది గెలిచింది, మూడు పాతది గెలిచింది. అంచేత కొత్త సెట్టింగే మేలు."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ప్రదర్శనలకి వెళ్లండి. ఈ మాట ఏదో ఒక వేషంలో ఎదురవకపోతే నన్నడగండి. చెస్ ఇంజన్ (చదరంగం ఆడే ప్రోగ్రాం) అయితే ఏడూ-మూడూ అంటారు. వరి తెగులు పట్టే యాప్ అయితే తొంభై ఎనిమిది శాతం అంటారు. ఎన్నిటి మీద ఏడు, ఎవరు కొలిచిన తొంభై ఎనిమిది అని అడిగే నాథుడు ఉండడు. తలలూపుతారు, చప్పట్లు కొడతారు, శాలువా కప్పి ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త. నేనంటాను, ఆ మాట విలువ సున్నా కూడా కాదు. సున్నా ఎవరినీ మోసం చెయ్యదు.

లెక్క ఇంటర్మీడియట్ పిల్లలకి తెలిసినదే. ఒకే ఇంజన్‌కి రెండు పేర్లు పెట్టండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అనండి. లోపల ఒక్క అక్షరం మార్చకండి. డ్రాలు లేవనుకుని పది ఆటలు ఆడించండి. 'కొత్తది' ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలిచే వీలు 1024లో 176. అంటే దాదాపు ఆరింట ఒకటి. ఆరు జట్లు ఏమీ చెయ్యకుండా పేరు మాత్రం మార్చుకుని వస్తే, సగటున ఒక జట్టు శాలువా కప్పించుకుని పోతుంది. మనం బహుమతి ఇస్తున్నది తెలివికి కాదు, బొమ్మాబొరుసుకి.

ఇంతకీ ఆ పిల్లలు మార్చినదేమిటి? అది తెలియకుండా కోపం తెచ్చుకుంటే లాభం లేదు.

చదరంగంలో సగటు స్థితిలో ఆడదగ్గ ఎత్తులు సుమారు 35. మనది రెండు, ఎదుటివాడిది రెండు ఎత్తులు చూసేసరికి పదిహేను లక్షల స్థితులు తయారవుతాయి. అన్నీ చూస్తూ కూర్చుంటే గడియారం అయిపోతుంది. ఆల్ఫా-బీటా అనే పద్ధతి ఉంది, అది చూడక్కర్లేని కొమ్మల్ని ఫలితం చెడకుండా నరుకుతుంది. అది చాలదు. అందుకని ఇంజన్ రాసేవాళ్లు జూదం మొదలెడతారు. 'ఈ కొమ్మ పనికొచ్చేలా లేదు, తక్కువ లోతు చూసి వదిలేద్దాం' అని పందెం కాస్తారు. ఎంత తక్కువ, ఎప్పుడు, ఏ ఎత్తుల్ని అన్నది కొన్ని అంకెలు నిర్ణయిస్తాయి. వెతుకులాట పరామితులంటే అవే. బలమైన ఇంజన్‌లో ఇలాంటివి పదులూ వందలూ ఉంటాయి.

ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు లేట్ మూవ్ రిడక్షన్. ఎత్తుల్ని మంచివి ముందు, నీరసమైనవి వెనక అని వరసలో పెట్టుకుంటారు. వరసలో వెనకపడ్డ ఎత్తుని పూర్తి లోతు చూడరు, కొంత తగ్గించి చూస్తారు. ఎంత తగ్గించాలో చెప్పే సూత్రం చాలా ఇంజన్లలో ఇంచుమించు ఇలా ఉంటుంది: లోతుకి సహజ సంవర్గమానం తీసుకుని, ఎత్తు వరస నంబరుకి కూడా తీసుకుని, రెండూ గుణించి, 2.25తో భాగించి, 0.75 కలపడం. లోతు 10, వరసలో ఇరవయ్యో ఎత్తు అనుకోండి. 2.30ని 3.00తో గుణిస్తే 6.9. దాన్ని 2.25తో భాగిస్తే 3.07. దానికి 0.75 కలిపితే 3.82. దశాంశం కొట్టేస్తారు కాబట్టి మూడు అంచెలు తగ్గుతుంది.

ఇప్పుడు ఆ 2.25 తీసి 2.00 పెట్టండి. 3.45కి 0.75 కలిపితే 4.20. అంటే నాలుగు అంచెలు. పావు మారిస్తే ఆ చోట ఒక అంచె లోతు పోయింది. పోయిన లోతు ఊరికే పోలేదు. అక్కడ మిగిలిన కాలం వేరే కొమ్మలో ఖర్చవుతుంది, అక్కడ ఇంజన్ ఇంకా దూరం చూస్తుంది. కానీ ఆ ఇరవయ్యో ఎత్తు గుర్రాన్ని వెనక్కి తీసే నిశ్శబ్దమైన ఎత్తు అయ్యుండి, ఆట మొత్తం దాని మీదే తిరిగేదైతే? ఇంజన్ దాన్ని చూడకుండానే దాటిపోయింది. లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా?

ఏ మనిషీ చూసి చెప్పలేడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన గుకేశ్‌ని తెచ్చి కూర్చోబెట్టినా 2.25 మంచిదా 2.00 మంచిదా చెప్పలేడు. అది చదరంగం జ్ఞానం కాదు, కొన్ని కోట్ల స్థితుల మీద సగటు. సగటుని కంటితో చూడలేం, కొలవాలి. కానీ మన ప్రాజెక్టు గైడ్లు చూసేస్తారు. "2.25 ఎందుకమ్మా, రౌండ్‌గా రెండు పెట్టండి" అన్నవాళ్లని నేను చెవులారా విన్నాను.

పైగా ఈ అంకెలు ఒంటరివి కావు. నల్ మూవ్ అని మరో జూదం ఉంది. నా వంతు ఎత్తు వదిలేసి ఎదుటివాడికి వరసగా రెండెత్తులిచ్చినా నా పరిస్థితి బాగానే ఉంటే, ఈ కొమ్మ ఇక చూడక్కర్లేదు అనుకోవడం. అంత్య ఆటలో రాజూ బంట్లూ మిగిలినప్పుడు ఎత్తు వెయ్యాల్సి రావడమే శాపమైన స్థితులుంటాయి, అక్కడ ఈ జూదం నిలువునా ముంచుతుంది. నల్ మూవ్‌లో ఎంత లోతు తగ్గిస్తామన్నది మారితే, లేట్ మూవ్ రిడక్షన్‌కి నప్పే అంకె కూడా మారిపోతుంది. ఒకటి సరిచేసి, దాన్ని మేకు కొట్టి, రెండోదానికి వెళితే మొదటిది చెడి కూర్చుంటుంది. ఒక్కొక్కటిగా చేత్తో సర్దేవాడు జీవితాంతం సర్దుతూనే ఉంటాడు.

దీనికో విరుగుడు 1992లోనే వచ్చింది. జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన జేమ్స్ స్పాల్ రాసిన ఎస్‌పీఎస్‌ఏ అనే పద్ధతి. పది పరామితులుంటే ఒక్కొక్కదాన్ని పైకీ కిందికీ కదిపి చూడ్డానికి ఇరవై కొలతలు కావాలి. స్పాల్ ఏం చేశాడంటే, పదింటినీ ఒకేసారి, యాదృచ్ఛికంగా, కొన్ని పైకి కొన్ని కిందికి కదిపాడు. మళ్లీ సరిగ్గా తిరగేసి కదిపాడు. రెండే కొలతలు. పది ఉన్నా వంద ఉన్నా రెండే. ఒక్కో అడుగు తప్పటడుగు కావచ్చు, కానీ వేల అడుగుల మీద దారి సరైన వైపే తేలుతుంది. చెస్‌కి ఇది చేతికి తొడుగులా సరిపోయింది. కదిపిన రెండింటినీ ఒకదానితో ఒకటి ఆడించేయడమే. ప్రపంచంలో అన్నిటికన్నా బలమైన స్టాక్‌ఫిష్ ఇంజన్‌లో అంకెల్ని సరిచేసేది ఈ పద్ధతితోనే. నా బాధ ఏమిటంటే, మన సిలబస్‌లో ఆల్ఫా-బీటా ఉంది, కృత్రిమ మేధ పేపర్లో పది మార్కుల ప్రశ్నగా ఉంది. అది వాడిన మనిషి తర్వాత ఏం కొలవాలో, ఎలా కొలవాలో ఒక్క లైనూ లేదు. కత్తి ఇచ్చి సాన పెట్టడం నేర్పని చదువు.

ఒక కాలేజీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఆ ఏడాది రెండు చెస్ ఇంజన్ ప్రాజెక్టులొచ్చాయి. ఒక జట్టుది మొదట చెప్పిన ఏడూ-మూడూ రకం. రంగురంగుల స్లైడ్లు, చివర్లో కప్పు బొమ్మ. రెండో ప్రాజెక్టు ఒకే అమ్మాయిది. చేతిలో ఒక్క కాగితం. రాత్రుళ్లు తన లాప్‌టాప్ మీద రెండు వేల ఆటలు ఆడించింది. ప్రతి ఆరంభ స్థితినీ రెండేసి సార్లు, ఒకసారి తెల్ల ఒకసారి నలుపు ఇచ్చి. కొత్తదానికొచ్చిన మార్కులు 50.4 శాతం. కింద చేత్తో రాసుకుంది: ప్లస్ మూడు ఎలో, అటూ ఇటూ పదకొండు. ఎలో అంటే ఆట బలానికి కొలమానం.

నా పక్కన కూర్చున్న పెద్దాయన కాగితం తిరగేసి చూశారు. "రిజల్టేదీ? రిజల్ట్ లేదు కదమ్మా."

"లేదన్న సంగతే తెలిసింది సార్," అంది.

ఆ గదిలో ఆ పూట పలికిన ఒకే ఒక్క శాస్త్రీయమైన వాక్యం అది. ఆయన నవ్వారు. మొదటి బహుమతి ఏడూ-మూడూకి పోయింది. నా మార్కుల కాగితం ఏమైందో నాకు తెలీదు.

ఆ 'అటూ ఇటూ పదకొండు' ఎక్కణ్ణించి వచ్చింది? ఇక్కడ మన నేల పాత్ర ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్.రావు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో చదివి, 1940లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తి చేశాడు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. మొదటిది 1950లో, రెండోది 1979లో ఏర్పడ్డాయి. ఇచ్ఛాపురం దాకా అంతా విశాఖ జిల్లాయే. అంటే ఆయన చదివినది మన జిల్లా కేంద్రంలోనే. యుద్ధ కాలంలో సైన్యానికి లెక్కల ఉద్యోగం ఏదైనా దొరుకుతుందేమోనని కలకత్తా వెళితే వయసు చాలదన్నారు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో చేరాడు. అయిదేళ్లు తిరక్కుండా, పాతికేళ్ల ప్రాయంలోనే, 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం అచ్చు వేశాడు. క్లాసులో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకి జవాబుగా పుట్టిన ఫలితం అందులో ఉంది. స్వీడన్‌లో హారాల్డ్ క్రామెర్ కూడా విడిగా అదే తేల్చాడు కాబట్టి క్రామెర్-రావు హద్దు అన్నారు. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకిచ్చారు. ఆ ఆగస్టులోనే, నూట రెండేళ్ల వయసులో పోయాడు.

ఆ హద్దు చెప్పేది ఇది. పక్షపాతం లేని అంచనా ఏదైనా సరే, చేతిలో ఉన్న సమాచారాన్నిబట్టి అది ఎంతో కొంత ఊగుతుంది. ఆ ఊగుడుకి ఒక అడుగు హద్దు ఉంది. ఎంత తెలివైనవాడైనా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా, దానికన్నా కిందికి దిగలేడు. తప్పుని సగానికి తగ్గించాలంటే ఆటలు నాలుగింతలు కావాలి. సిఫార్సులు చెల్లవు.

చదరంగానికి దాన్ని వేసి చూడండి. బలాన్ని ఎలో పాయింట్లలో కొలుస్తారు, నూరు ఎలో తేడా ఉంటే బలమైనవాడికి 64 శాతం మార్కులొస్తాయి. ఆటల్లో సగం డ్రాలనుకుందాం. పది ఆటలాడిస్తే మన కొలత అటూ ఇటూ నూటయాభై ఎలోకి పైగా ఊగుతుంది. వంద ఆటలకి యాభై దాకా. వెయ్యికి పదిహేను. ఆ అమ్మాయి ఆడించిన రెండు వేలకి పదకొండు. పదివేలకి అయిదు. అరవై వేలు ఆడిస్తే గానీ రెండు ఎలోకి దిగదు. నేటి మేటి ఇంజన్లలో ఒక మార్పు ఒకటో రెండో ఎలో తెచ్చిందంటే గొప్పే. కొత్తగా రాస్తున్న ఇంజన్‌కి ఇంత అవసరం లేదు, అది ఒప్పుకుంటాను. లేట్ మూవ్ రిడక్షన్ లేనిదానికి మొదటిసారి పెడితే తేడా పెద్దది, రెండు మూడొందల ఆటలకే బయటపడుతుంది. పది ఆటలకి మాత్రం ఏదీ బయటపడదు, మన తొందర తప్ప.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మామూలు మనిషిని అడగండి. 320 రకం అంటే పౌనుకి మూడొందల నుంచి మూడొందల ఇరవై పప్పులని చెప్తాడు. బస్తాలోంచి పది పప్పులు తీసి చూసి 'ఇదే మేలు రకం' అంటే నవ్వి పొమ్మంటాడు. మన జిల్లాలో పప్పుకున్నపాటి కొలత ప్రాజెక్టుకి లేకపోయింది.

ఇంకో మాట. ఆ ఏడూ-మూడూ జట్టుని ఎవరూ అడగని ప్రశ్న ఉంది. పదే ఎందుకు ఆడించారు? ముందే అనుకున్నారా, ఏడూ-మూడూ అయ్యేసరికి ముచ్చటగా ఉందని ఆపేశారా? ముందున్నప్పుడు ఆపెయ్యడం, వెనకపడ్డప్పుడు 'ఇంకో పది ఆడిద్దాం' అనడం, పేకాటలో ఎవడైనా చేస్తే చెయ్యి పట్టుకుంటారు. ప్రాజెక్టులో చేస్తే మార్కులేస్తారు.

ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకి నిజాయితీ గల జవాబు అబ్రహాం వాల్డ్ ఇచ్చాడు. 1943లో, యుద్ధంలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో. ఆటకి ముందే రెండు గీతలు గీసుకో. సాక్ష్యం పై గీత దాటితే ఒప్పుకో, కింది గీత దాటితే తిరగ్గొట్టు, మధ్యలో ఉన్నంతసేపూ ఆడిస్తూనే ఉండు. సగటున ఆటలు బాగా మిగులుతాయి, మోసానికి చోటుండదు. ఎస్‌పీఆర్‌టీ అంటారు. వాల్డ్ మన దేశంలోనే పోయాడని మనలో చాలామందికి తెలీదు. 1950 డిసెంబరు 13న, భారతదేశంలో ఉపన్యాసాల పర్యటనలో ఉండగా, నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా మరణించాడు. ఆయన గీసిన ఆ రెండు గీతల మధ్యే స్టాక్‌ఫిష్‌లో ప్రతి మార్పూ ఇవాళ పరీక్షకి నిలబడుతోంది.

ఆ పరీక్షశాల సంగతి కూడా వినండి, ఎందుకంటే నా అసలు కోపం అక్కడుంది. దాని పేరు ఫిష్‌టెస్ట్. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ మొదలెట్టాడు. ఏదో పెద్ద కంపెనీకి చెందిన యంత్రాలు కావవి. ప్రపంచమంతటా మామూలు మనుషులు తమ కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు అప్పిస్తారు. ఎవరైనా ఒక మార్పు పంపితే ముందు ఒక్కో పక్షానికి పది సెకన్ల చిన్న ఆటలతో, అది నెగ్గితే అరవై సెకన్ల ఆటలతో పరీక్షిస్తారు. పొట్టి ఆటల్లో బాగున్న అంకె పొడుగు ఆటల్లో తన్నేయొచ్చు, అందుకు రెండోది. పంపినవాడు గ్రాండ్‌మాస్టరా, ఇంటర్ కుర్రాడా అని ఎవరూ అడగరు. పంపిన వాటిలో ఎక్కువ భాగం ఓడిపోతాయి. ఓడినవి కూడా అందరికీ కనబడేలా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. రాజాంలో, టెక్కలిలో, విజయనగరంలో, చీపురుపల్లి దారిలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ప్రతి కాలేజీలోనూ కంప్యూటర్ లాబులున్నాయి. సాయంత్రం బస్సుల టైముకి అటెండర్ స్విచ్చి ఆపి తాళం వేస్తాడు. పొద్దున్న తొమ్మిదికి తీస్తాడు. వేసవి సెలవుల్లో నెలల తరబడి తియ్యడు. ఒక లాబ్‌లో అరవై యంత్రాలు, ఒక్కోదానికి నాలుగు కోర్లు అనుకోండి. మూడు కోర్లు ఆటకిచ్చి, ఆటకి ఒక నిమిషం చొప్పున ధారాళంగానే లెక్కేసినా, రాత్రి పన్నెండు గంటల్లో లక్షా ఇరవై తొమ్మిది వేల ఆటలు. రావు గారి హద్దు ప్రకారం రెండు ఎలో తేడా తేల్చడానికి కావలసిన అరవై వేలకి రెండింతలు. ఒక్క రాత్రి! ఒక్క లాబ్! మనకి వనరుల్లేవని ఎవడన్నాడు?

కరెంటు బిల్లు అంటారా? యంత్రానికి వంద వాట్లు, అరవైకి ఆరు కిలోవాట్లు, పన్నెండు గంటలకి డెబ్భై రెండు యూనిట్లు. యూనిట్ పది రూపాయలే వేసుకున్నా రాత్రికి ఏడొందల ఇరవై. ఆ శాలువా, మెమెంటో, ముఖ్య అతిథి కారు పెట్రోలు కలిపితే ఎంతవుతుందో అకౌంట్స్ సెక్షన్‌లో కనుక్కోండి. తుఫాను వస్తే కరెంటు పోతుందంటారా? హుద్‌హుద్ చూశాం, తిత్లీ చూశాం. ప్రతి ఆట ఫలితం ఫైలులో పడుతూ పోతుంది, కరెంటొచ్చాక మిగిలిన చోట నుంచి మొదలవుతుంది. యంత్రాలు పాడైపోతాయంటారా? తాళం వెనక దుమ్ములో చెద పట్టడం కన్నా ఆడి అరిగిపోవడం గౌరవం. అసలు కారణం ఒకటే: రాత్రి లాబ్ తెరిచే అనుమతి ఎవరూ ఏనాడూ అడగలేదు, ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

'స్టాక్‌ఫిష్ ఉచితంగా దొరుకుతోంది, అందులో అంకెలు ఎత్తుకొచ్చి మా ఇంజన్‌లో పెట్టుకుంటే పోలా' అనే తెలివి మనవాళ్లకి పుష్కలం. పోదు. ఆ అంకెలు ఆ ఇంజన్ విలువలు కట్టే పద్ధతికి, దాని వరస పెట్టే తీరుకి సరిపడేవి. మీ ఇంజన్ బంటుకి కట్టే విలువ వేరు, అందుకని వాళ్ల 'ఇంత వెనకబడితే వదిలెయ్' అన్న గీత మీ దగ్గర తప్పు చోట పడుతుంది. ఇక చెప్పకుండా ఎత్తుకొస్తే ఏమవుతుందో రైబ్కా చెబుతుంది. ప్రపంచ కంప్యూటర్ చెస్ బిరుదులు వరసగా గెలిచిన ఇంజన్ అది. వేరే ఇంజన్ల నుంచి తీసుకున్నది దాచారని తేల్చి 2011లో అంతర్జాతీయ సంఘం ఆ బిరుదులన్నీ లాగేసుకుంది. మన దగ్గర లాగేసుకునేవాళ్లు లేరు గనకే హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొనుక్కోడానికి దొరుకుతున్నాయి.

'ఇప్పుడంతా న్యూరల్ నెట్ సార్, ఈ పరామితుల గొడవ పాతబడింది' అనేవాళ్లకి కూడా ఒక జవాబుంది. స్టాక్‌ఫిష్‌లోకి 2020లో న్యూరల్ నెట్ వచ్చింది. వచ్చాక కూడా వెతికేది ఆల్ఫా-బీటాయే, అంకెలు పోలేదు. ఇక గో అనే ఆట ఆడే డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాగో. 2016లో గో మేటి ఆటగాడు లీ సెడోల్‌తో ఆడే ముందు దాని వెతుకులాట పరామితుల్ని పద్ధతి ప్రకారం సరిదిద్దితే, తనతో తాను ఆడే ఆటల్లో గెలుపు 50 నుంచి 66.5 శాతానికి పెరిగిందని వాళ్లే 2018లో రాసుకున్నారు. అంత పెద్ద యంత్రానికి, అంత పెద్ద కంపెనీకి అక్కరకొచ్చిన పని మన బీటెక్ కుర్రాడికి పాతదైపోయిందా?

ఇది ఎక్కడో వేరే జాతివాళ్ల విద్య అనుకోవడం కూడా తప్పే. కార్నెగీ మెలన్‌లో డీప్ థాట్ అనే చెస్ యంత్రాన్ని కట్టిన విద్యార్థుల్లో మన దేశం నుంచి వెళ్లిన థామస్ అనంతరామన్ ఉన్నాడు. ఎక్కడ లోతు పెంచాలి, ఎంత పెంచాలి అన్నదాన్ని గణాంకాలతో తేల్చడమే ఆయన 1990 నాటి సిద్ధాంత గ్రంథం. ఆ యంత్రమే డీప్ బ్లూకి పూర్వీకుడు. ఆ రోజుల్లో అదే విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ని నడిపినవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. ఆటగాళ్ల విషయానికొస్తే చెప్పనే అక్కర్లేదు. గుడివాడ హంపి, గుంటూరు హరికృష్ణ, హారిక, వరంగల్ అర్జున్. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించిన గుకేశ్‌ది తెలుగు కుటుంబం, ఆయనకి తెరవెనక సాయం చేసిన జట్టులో హరికృష్ణ ఉన్నాడు. వీళ్లందరూ పొద్దున్న లేస్తే ఇంజన్‌తోనే సాధన చేస్తారు. ఆ ఇంజన్ లోపలి అంకె ఒక్కటైనా శ్రీకాకుళంలో, విజయనగరంలో కొలిచిందై ఉండాలన్న ఆశ మనకెందుకు లేదు?

తిట్టడం తేలికని నాకూ తెలుసు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పండితుల మీద పడ్డప్పుడు తిట్టి ఊరుకోలేదు. గ్రాంథికమే రాస్తామన్నవాళ్ల పుస్తకాలు ముందేసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు చేసిన తప్పులు ఏరి, పేర్చి, అచ్చు వేశాడు. ఉదాహరణ మీద ఉదాహరణ. అందుకే ఎదుటివాళ్లకి నోరు పెగల్లేదు. ఆ నేల మీద కూర్చుని సాక్ష్యం అడగడానికి మొహమాటపడుతున్నాం మనం.

అందుకని అడుగుతున్నాను. ప్రిన్సిపాళ్లకి, హెచ్‌ఓడీలకి, వైవాకి వచ్చే పరీక్షకులకి. వచ్చే వేసవిలో ఒక్క లాబ్ తాళం చెవి ఇద్దరు పిల్లలకివ్వండి. ఇంజన్ వాళ్లదే కానివ్వండి, ఎంత బలహీనమైనదైనా ఫర్వాలేదు. ఆడించే ముందే ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి: ఏ అంకె మారుస్తున్నాం, ఎందుకు, గీతలెక్కడ గీశాం, ఆరంభ స్థితులెన్ని, ఆటకెంత కాలం. అయ్యాక అన్ని ఆటలూ, ఓడినవి సహా, కాలేజీ సర్వర్‌లో పెట్టించండి. ఎవరైనా దించుకుని మళ్లీ ఆడించి చూసుకునేలా. వైవాలో 'ఎంత పెరిగింది' అని ముందు అడక్కండి. 'అటూ ఇటూ ఎంత' అని అడగండి. చెప్పలేని జట్టుని కూర్చోమనండి. 'పెరగలేదు సార్, అరవై వేల ఆటల మీద చూశాం' అన్న జట్టు వస్తే, ఏడూ-మూడూ జట్టు కన్నా పైన పెట్టండి. ఆ మార్కుల కాగితం మీద సంతకం చెయ్యడానికి పరీక్షకుడెవరైనా వెనకాడితే, ఏ లెక్క ప్రకారం వెనకాడుతున్నాడో ఆ పక్కనే రాసివ్వమనండి.